సుతారి ఇంటి దస్తావేజు

గుడిమల్కాపూర్‌లోని మా పాత ఇంటిని కూలగొట్టి అపార్టుమెంటు కడతామని వచ్చిన బిల్డరు వంశవృక్షం అడిగాడు. మా పెదనాన్న కొడుకు తెల్లకాగితం మీద గీసి తెచ్చాడు. పైన ముత్తాత, కింద ఇద్దరు కొడుకులు, వాళ్ల కింద వాళ్ల కొడుకులు. ముత్తాతకు ముగ్గురు కూతుళ్లు కూడా ఉండేవారు. కాగితంలో లేరు. ముత్తవ్వా లేదు. ఈ చెట్టు ఆడమనిషి అవసరం లేకుండానే కాసిందన్నమాట! అదే అడిగితే, "ఇల్లు తాత కట్టిండు గదక్కా, వాళ్లదేముంది అండ్ల?" అన్నాడు.

ఆ "కట్టిండు" అన్న మాట పట్టుకునే నేను ముత్తాత జీవితాన్ని వెతకడం మొదలుపెట్టాను.

మా పేటలో కట్టడమంటే అందరూ ముందుగా చెప్పేది ఝాంసింగ్ గుడి. మూడో నిజాం సికందర్ జా (1803-1829) కొలువులో ఉన్న ఝాంసింగ్ కట్టించిన వేంకటేశ్వరుడి గుడి. గుర్రాలు కొనమని ఇచ్చిన సొమ్ము గుడికి పెట్టాడనీ, నిజాం కోపగించుకుంటే మసీదు కూడా కట్టించాడనీ పెద్దవాళ్లు కథ చెబుతారు. అందులో నిజమెంతో గాని, కట్టించినవాడి పేరు ఇన్నేళ్లయినా జనం నోట్లో ఉంది. కట్టించడం వేరు, కట్టడం వేరని మన భాషకు బాగా తెలుసు. మా ముత్తాత రెండో రకం మనిషి. సుతారి. పాలమూరు వైపు నుంచి పని వెతుక్కుంటూ వచ్చాడు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. మరుసటి ఏడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సలహా మీదే మూసీకి అడ్డంగా గండిపేట (1920), ఈసీకి అడ్డంగా హిమాయత్‌సాగర్ (1927) వచ్చాయి. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇక ఊరంతా కట్టడాలే. హైకోర్టుకూ ఉస్మానియా ఆసుపత్రికీ నమూనాలు గీసిన విన్సెంట్ ఎష్ గురించి పుస్తకాల్లో చదువుకోవచ్చు. ముత్తాత గండిపేట పనికి పోయాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఆ మాట పట్టుకుని తార్నాకలోని ఆర్కైవ్స్‌లో కొన్నాళ్లు కూర్చున్నాను. నేను చూడగలిగిన కాగితాల్లో ఇంజనీర్లున్నారు, గుత్తేదార్లున్నారు. సుతారులు లేరు. తట్టలు మోసినవాళ్ల సంగతి అడగనే అక్కర్లేదు.

దొరికిందంతా మా మేనత్త దగ్గరే దొరికింది. ఎనభై దాటిన మనిషి. చిన్నప్పుడు తన నాయనమ్మ పక్కలోనే పడుకునేది.

"మీ ముత్తాత సుతారి పని జేసిండంటరు గని, అవ్వ గూడ పోయింది బిడ్డా! ఆమె సున్నం అందియ్యకపోతె ఆయన గోడ ఎట్ల లేస్తది?"

ఎడ్లు తిప్పే గానుగలో రాతిచక్రం కింద సున్నమూ ఇసుకా నలిగి డంగుసున్నమయ్యేది. దాన్ని గంపలకెత్తుకుని పరంజా ఎక్కింది అవ్వ. గచ్చు వేసిన చోట ఆడవాళ్లు వరసగా కూర్చుని అద్దంలా మెరిసేదాకా రాయితో రుద్దేవాళ్లట. పిల్లలు చెట్టుకొమ్మకు కట్టిన ఉయ్యాలలో ఉండేవాళ్లు. రాత్రిళ్లు అవ్వ మేనత్త వీపు నిమిరితే గరుకుగా తగిలేదట. "ఏళ్ల మీద గీతలే లేకుండె. సున్నం తినేసింది" అంది మేనత్త. ఇవాళ రేషను షాపు మిషన్ ముందు వేలిముద్ర పడక నిలబడే కూలీ ఆడవాళ్లు గుర్తొచ్చారు నాకు.

చివరికి ట్రంకుపెట్టె అడుగు నుంచి ఒక దస్తావేజు తీసింది. ఉర్దూలో ఉంది. 1884 నుంచి నిజాం సర్కారు రాతకోతలన్నీ ఉర్దూలోనే కదా. మెహదీపట్నంలో ఉండే ఒక రిటైర్డ్ ఉర్దూ టీచరమ్మ చదివి పెట్టింది. ఫస్లీ 1338, అంటే 1928-29. ధర హాలీ సిక్కాల్లో ఉంది. కొన్నవారి పేరు దగ్గరికి వచ్చేసరికి ఆమె కళ్లజోడు సర్దుకుని, "ఇది ఆడమనిషి పేరమ్మా" అంది. పేరు పక్కన 'జౌజె' అని ఉంది. ఫలానావాడి భార్య అని అర్థం. ఆ జాగా కొన్నది ముత్తవ్వ. గండిపేట కూలి డబ్బులకు తన వెండి కడియాలు అమ్మిన డబ్బు కలిపిందని మేనత్త తర్వాత చెప్పింది. కాగితం కింద వేలిముద్ర ఉంది. గీతల్లేని నల్లమచ్చ.

ముత్తవ్వ 1964లో పోయింది. అప్పటికి ముత్తాత లేడు. వీలునామా లేదు. లాయరైన స్నేహితురాలికి చూపించాను. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు వాటా ఇచ్చిన మన 1985 సవరణతో గాని, దేశమంతటికీ వచ్చిన 2005 సవరణతో గాని ఇక్కడ పనే లేదంది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం చాలు. ఆడమనిషి సొంత ఆస్తి ఆమె కొడుకులకూ కూతుళ్లకూ సమానంగా పోతుంది. అంటే అయిదు వాటాల్లో మూడు, కాగితంలో లేని ఆ ముగ్గురివి.

ఒక మాట దాచకుండా చెప్పాలి. నేను కొడుకుల వైపు మనిషిని. ఈ లెక్కన నాకొచ్చేదీ తగ్గుతుంది. స్త్రీల ఆస్తి హక్కు మీద ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న నేను, పదకొండు రోజులు ఆ దస్తావేజును నా బీరువాలో బట్టల కింద పెట్టి ఊరుకున్నాను. మేనత్త ఫోన్ చేసి, "అవ్వ కాయితం ఏం జేసినవే?" అని అడిగేదాకా.

కాపీలు తీసి అందరికీ ఇచ్చాను. పెదనాన్న కొడుకు నాతో మాట్లాడటం మానేశాడు. వ్యవహారం కోర్టుదాకా పోయేలా ఉంది కాబట్టి ఇంట్లో ఎవరి పేర్లూ ఇక్కడ రాయలేదు. ఇంతా చేసి ముత్తవ్వ పేరు నేనూ రాయలేకపోవడం నాకే ఎబ్బెట్టుగా ఉంది.

కూతుళ్లలో ఇద్దరి పిల్లలు దొరికారు. మూడో ఆమెను మహబూబ్‌నగర్ అవతల ఒక పల్లెకు ఇచ్చారని మాత్రం మేనత్తకు గుర్తుంది. ఆదివారం పొద్దున మేమిద్దరం ఆ బస్సెక్కుతున్నాం.