నగరాలలో చలిజ్వరం: సికింద్రాబాదు నుండి జిబూతీ వరకు

పూర్వపు అరబ్బు హకీములు చలిజ్వరాన్ని అది తిరిగివచ్చే దినాలను బట్టి వర్గీకరించారు. దినం విడిచి దినం వచ్చేదాన్ని 'గిబ్' అనీ, నాలుగవ దినాన వచ్చేదాన్ని 'రిబ్అ' అనీ పిలిచారు. చిత్తడి నేలల నీరు త్రాగేవారికి ప్లీహం ఉబ్బుతుందని ఇబ్న్ సీనా 'అల్ ఖానూన్'లో వ్రాశాడు. పరిశీలన సరియైనదే, అసలు కారణం తెలిసే సాధనాలు ఆనాడు లేవు. 'మలేరియా' అనే ఇటాలియన్ మాటకు సైతం 'చెడుగాలి' అనే అర్థం.

నీటికీ జ్వరానికీ గల లంకె మన గడ్డపైనే బయటపడిందన్న విషయం పాఠకులకు విదితమే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ ఒక దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ దోమలు కుట్టింది హుసేన్ ఖాన్ అనే రోగిని. కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టింది. రాస్‌కు 1902లో నోబెల్ బహుమానం లభించింది. హుసేన్ ఖాన్ పేరు నేడు ఎందరికి తెలుసు?

సూయజ్ కాలువ నిర్మాణంలో భాగంగా 1863లో ఈజిప్టు ఎడారిలో ఇస్మాయిలియా పట్టణం వెలసింది. నైలు నీటిని కాలువ ద్వారా అక్కడికి తెచ్చారు. నీటివలన తోటలు పెరిగాయి. 1877 నుండి చలిజ్వరమూ ప్రబలింది. 1902లో రాస్ వెళ్ళి సలహా ఇవ్వగా గుంటలు పూడ్చారు, ఇండ్ల క్రింది మురుగు గుంతలలో కిరసనాయిలు పోశారు. కొద్ది సంవత్సరాలలోనే జ్వరం దాదాపు అదుపులోకి వచ్చింది.

అయితే నగరాన్నే నివాసం చేసుకున్న దోమ ఒకటి ఉన్నది. 1901లో లిస్టన్ వర్ణించిన 'అనాఫిలిస్ స్టిఫెన్సీ' బావులలో, మిద్దెలపై ట్యాంకులలో, కట్టడాల వద్ద నిలిచిన నీటిలో పెరుగుతుంది. బొంబాయిలో జ్వరానికి బావులే మూలమని 1911లో డాక్టర్ బెంట్లీ నివేదించాడు. వాటిని మూయాలన్నప్పుడు మతాచారం పేరిట అభ్యంతరాలు వచ్చాయి.

ఆఫ్రికాలో మలేరియా ప్రధానంగా పల్లెల వ్యాధి అనే భావన ఉండేది. 2012లో ఈ దోమ జిబూతీ నగరంలో కనిపించింది. ఆ ఏడు ఆ దేశంలో నమోదైన మలేరియా కేసులు 27 మాత్రమే; 2020 నాటికి 73 వేలు దాటాయి. 2016లో అది ఇథియోపియాలో కనిపించింది. 2022లో అక్కడి దిరేదావా నగరంలో మలేరియా విజృంభించింది. ఈ దోమ వ్యాపిస్తే ఆఫ్రికా నగరాలలో మరి 12 కోట్ల 60 లక్షల మంది ప్రమాదంలో పడగలరని 2020లో పరిశోధకులు అంచనా వేశారు.

నీరు నిలువ చేసుకున్నందుకు పేదవానిని నిందించి లాభం లేదు. కుళాయి ప్రతిదినం రాని చోట తొట్టి నింపుకోక తప్పదు. క్రమంగా నీరందించడం నగరపాలకుల బాధ్యత. తొట్టికి మూత వేసి, వారానికొకసారి కడిగి ఆరబెట్టడం గృహస్థుని బాధ్యత. మసీదు హౌజు విషయంలో ఆ బాధ్యత మనందరిదీ కాదా?