మారుమనస్సు

తెలుగు బైబిలులో దేవుని పిలుపుకు మనిషి ఇచ్చే తొలి జవాబు పేరు మారుమనస్సు. గ్రీకు ‘మెటనోయియా’కు సాటిగా నిలిచిన ఈ సమాసంలో, మారుపేరు, మారువేషం వంటి మాటల్లో ‘వేరొకటి’ అనే అర్థమిచ్చే ‘మారు’ సంస్కృతం నుంచి వచ్చిన మనస్సుతో జతకట్టింది. చేసినదానికి నొచ్చుకోవడంతో ఆగిపోయే పశ్చాత్తాపం కంటే ఇది బరువైన మాట, ఎందుకంటే నడవడి మారనిదే మనసు మారిందంటే ఊరు ఒప్పుకోదు. ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, మాదిగపల్లెల నుంచి బాప్తిస్మానికి, అంటే నీట ముంచి సంఘంలో చేర్చుకొనే సంస్కారానికి, వచ్చినవారి ముందు మూడు నియమాలు ఉంచాడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్నవే గాని, చెప్పులూ తోలు సామానూ కుట్టి ఇచ్చినందుకు చచ్చిన పశువే ప్రతిఫలంలో భాగమైన చోట, రైతు కబురు పెట్టిన రోజున పోక తప్పని చోట, అవి బతుకుదెరువునే కదిలించాయి. 1876–78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కూలి పని చూపిన క్లౌ, కూటి కోసం చేరేవారికి చోటివ్వకూడదని ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపాడు. వాటిని మళ్లీ మొదలుపెట్టాక, 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఒంగోలు చుట్టుపక్కల పల్లెల్లోని క్రైస్తవ ఇళ్లలో తాగుడు మానినవాణ్ణి కూడా ‘మారుమనస్సు పొందాడు’ అనే అంటారు.