తనంతట వెలిగే గురి: రేడియం నుంచి ట్రిటియం దాకా



హోసూరు కానివ్వండి, బళ్లారి కానివ్వండి, పర్లాకిమిడి, చాందా ఏదైనా కానివ్వండి, రోడ్డు పక్క స్టిక్కర్ల దుకాణం ముందు ఆగితే ఒక మాట తప్పక వినిపిస్తుంది. అది "రేడియం". లారీ వెనక అతికించే ఎర్ర పట్టీ రేడియం. మోటారు సైకిలు నంబరు రేడియం. చీకట్లో మెరిసే గడియారం ముల్లు కూడా రేడియమే. నిజానికి లారీ పట్టీలో రేడియం రవ్వంతయినా లేదు. వెనక బండి దీపం పడితే ఆ వెలుతురును తిప్పి పంపుతుంది, అంతే. వస్తువు పోయినా పేరు మిగిలిపోయింది. ఆ అసలు రేడియం వెలుగు ఎలా వచ్చింది, ఎందుకు పోయింది, దాని స్థానంలో ఏది వచ్చింది అన్న చరిత్రను ఈవేళ ఒక చిన్న వస్తువును పట్టుకుని చెప్పుకుందాం. అది పిస్తోలు మీద చీకట్లో తనంతట తాను వెలిగే గురి చుక్క.

తుపాకీ గొట్టం కొసన చిన్న బొడిపె ఉంటుంది. దాన్ని ఫోర్‌సైట్ అంటారు. కంటికి దగ్గరగా గాడి ఉన్న పలక ఉంటుంది. అది బ్యాక్‌సైట్. గాడి మధ్యకు బొడిపె వస్తే గురి కుదిరినట్టు. పగలు ఇది సులువే. పొద్దు వాలితే నల్లని ఇనుము నల్లని చీకట్లో కలిసిపోతుంది. పూర్వం వేటగాళ్ల రైఫిళ్లకు దంతంతోనో తెల్లని ఎనామిల్‌తోనో చేసిన పూస అమర్చేవారు. వెన్నెలలో అది కొంత ఆనేది. అమావాస్య నాడు అదీ లేదు.

1898లో పారిస్‌లో మేరీ క్యూరీ, పియేర్ క్యూరీ దంపతులు రేడియాన్ని కనుగొన్నారు. జింక్ సల్ఫైడ్ అనే పొడిలో రేడియం లవలేశం కలిపితే ఆ పొడి రాత్రింబవళ్లు ఆకుపచ్చగా వెలుగుతుందని కొద్ది ఏళ్లలోనే తెలిసింది. దానికి ఎండ చూపించనక్కరలేదు, బ్యాటరీ అక్కరలేదు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి ఆ రంగుకు గిరాకీ పుట్టింది. రాత్రివేళ కందకంలో సిపాయి అగ్గిపుల్ల గీస్తే శత్రువుకు తానే గురి అవుతాడు. అందుకని చేతి గడియారాలకూ, దిక్సూచులకూ, విమానాల మీటర్లకూ ఈ రంగు వేశారు. జర్మన్ సైన్యం తన రైఫిళ్లకు తగిలించుకునే వెలుగు గురులను కూడా ఇచ్చింది.

మరి ఆ రంగు వేసిందెవరు? ఎక్కువగా పడుచు ఆడపిల్లలు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని ఆరెంజ్ పట్టణంలో ఒక పెద్ద కార్ఖానా ఉండేది. షోలాపూర్‌లో బీడీలు చుట్టే మన పద్మశాలి ఆడపడుచులకు వెయ్యి లెక్కన కూలి కట్టినట్టే, అక్కడ డయళ్ల లెక్కన కూలి కట్టేవారు. అంకెలు సన్నగా రావాలంటే కుంచె మొన సన్నగా ఉండాలి. పెదవుల మధ్య పెట్టి మొన తీర్చుకోమని వారికి నేర్పారు. పెదవికి, రంగుకు, డయలుకు... రోజంతా అదే వరస. ప్రతిసారీ రవ్వంత రేడియం కడుపులోకి పోయేది. ప్రమాదమేమీ లేదని పైవాళ్లు చెప్పారు. రాత్రి ఇంటికి వెళితే వాళ్ల జుట్టూ బట్టలూ చీకట్లో మెరిసేవి.

రేడియం గుణం సున్నం వంటిది. కాల్షియం అనుకుని మన ఎముక దాన్ని దాచుకుంటుంది. దాచుకున్నది ఎముకనే లోపలి నుంచి తినేస్తుంది. మొదట పళ్లు రాలాయి, తరువాత దవడ ఎముకలు పుచ్చాయి. 1925లో ఆ జిల్లా వైద్య పరీక్షాధికారి హారిసన్ మార్ట్‌లండ్ ఈ జబ్బుకూ రేడియానికీ ఉన్న సంబంధాన్ని బయటపెట్టాడు. 1917లో పనిలో చేరిన గ్రేస్ ఫ్రయర్ అనే కార్మికురాలికి కంపెనీ మీద దావా వేసే వకీలు దొరకడానికే రెండేళ్లు పట్టింది. చివరకు 1927లో ఆమె, మరో నలుగురు కోర్టుకెక్కారు. 1928 జూన్‌లో రాజీ కుదిరింది. ఒక్కొక్కరికి 10,000 డాలర్లు, ఏటా 600 డాలర్లు, వైద్యం ఖర్చు ఇచ్చేలా ఒప్పుకున్నారు. ఆ వెలుగు రంగును తయారుచేసి కంపెనీని స్థాపించిన వారిలో ఒకడైన సాబిన్ వాన్ సొచాకీ కూడా అదే 1928లో రక్తం క్షీణించి మరణించాడు. గ్రేస్ ఫ్రయర్ 1933లో కన్నుమూసింది.

ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఒట్టావాలో కేథరిన్ వుల్ఫ్ డోనహ్యూ అనే మరో కార్మికురాలు మంచాన పడి ఉండే సాక్ష్యం చెప్పింది. 1938లో ఆమె వైపు తీర్పు వచ్చింది. అదే ఏడు ఆమె పోయింది. వీరి కష్టం వృథా కాలేదు. ఈ కార్మికుల మీద జరిగిన పరిశీలనల ఆధారంగానే 1941లో అమెరికాలో మొదటిసారి ఒక హద్దు గీశారు. మనిషి ఒంట్లో రేడియం మైక్రోగ్రాములో పదో వంతుకు మించరాదన్నారు. ఆ తరువాత అణు పరిశ్రమలో పనివాళ్లకు పెట్టిన రక్షణ నియమాలకు అది పునాది అయింది.

రేడియం రంగులో మరో చిక్కు ఉంది. రేడియం సగానికి తగ్గాలంటే 1,600 ఏళ్లు పడుతుంది. కానీ దాని కిరణాల దెబ్బకు చుట్టూ ఉన్న జింక్ సల్ఫైడ్ కొన్నేళ్లకే పాడవుతుంది. అంటే వెలుగు ముందే ఆరిపోతుంది, విషం మాత్రం మనుమల మనుమల దాకా ఉంటుంది. ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి.

రెండో ప్రపంచ యుద్ధం తరువాత రేడియానికి బదులు వెతికారు. 1945లో గుర్తించిన ప్రొమీథియం కొంతకాలం వాడారు. అది రెండున్నర ఏళ్లకు కాస్త పైగానే సగమైపోతుంది. చివరకు నిలిచింది ట్రిటియం. ఇది హైడ్రోజన్‌కే బరువైన తోబుట్టువు. 1934లో కేంబ్రిడ్జిలో రూథర్‌ఫర్డ్, ఒలిఫెంట్, హార్టెక్ దీన్ని గుర్తించారు. దీని కిరణం ఎంత బలహీనమంటే గాలిలో సుమారు 6 మిల్లీమీటర్లకు మించి పోదు. మన చర్మాన్ని దాటలేదు, పలుచని గాజును కూడా దాటలేదు. అందుకని బియ్యపు గింజంత గాజు గొట్టానికి లోపల వెలుగు పొడి పూసి, ట్రిటియం వాయువు నింపి, మూతి కరిగించి మూసేస్తారు. కిరణం పొడిని తాకుతుంది, పొడి వెలుగుతుంది. కుంచె లేదు, పెదవి లేదు. 1970లలో బ్రిటిష్, ఇజ్రాయెల్ సైన్యాల రైఫిళ్ల గురుల్లోకి ఇది వచ్చింది. 1980ల నుంచి అమెరికా పోలీసుల పిస్తోళ్ల మీదకు చేరింది.

ఈ ట్రిటియం మనకు అంత దూరపుది కాదు. భారజలం వాడే అణు రియాక్టర్లలో అది దానంతట అదే పుడుతుంది. గోదావరి ఒడ్డున మణుగూరులో, ఒడిశాలో తాల్చేరులో, తమిళనాట తూత్తుకుడిలో భారజలం కర్మాగారాలు పెట్టారు. అలాంటి నీటితో నడిచే రియాక్టర్లు కల్పాక్కంలోనూ కైగాలోనూ ఉన్నాయి. కెనడావారు తమ రియాక్టర్ల భారజలం నుంచి ట్రిటియాన్ని వేరుచేసి దీపాలు చేసేవారికి అమ్ముతారు.

ఇక ఇలాంటి గురిని ఎంచుకునే అధికారి ఏం చూడాలి? మొదట తయారైన ఏడు చూడాలి. ట్రిటియం 12 ఏళ్ల 4 నెలలకు సగమవుతుంది, పాతికేళ్లకు పావు వంతుకు దిగుతుంది. గోదాములో పదేళ్లు నిలవున్న సరుకు కొత్త సరుకు కాదు. రెండోది రంగు. చీకటికి అలవాటుపడ్డ కంటికి ఆకుపచ్చ బాగా ఆనుతుంది. మూడోది, ముందు చుక్క వెనక చుక్కల కంటే ప్రకాశంగానో వేరే రంగులోనో ఉండాలి. లేకపోతే కంగారులో ఏది ఏదో తెలియదు. నాలుగోది గాజు గొట్టం గట్టిగా బిగించి ఉందా లేదా అన్నది. పగిలితే కిటికీలు తెరిచి గది ఖాళీ చేయాలి. కాలం చెల్లితే చెత్తలో వేయకూడదు, చేసినవారికే తిరిగి పంపాలి.

వీటన్నిటి కంటే పెద్ద మాట ఒకటుంది. ఈ చుక్క వెలిగేది చేతిలో ఉన్నవాడి కోసమే. తన తుపాకీ ఎటు తిరిగి ఉందో చెబుతుంది. ఎదుట ఉన్నది దొంగా, దారి తప్పిన బాటసారా, సొంత బిడ్డా అన్నది చెప్పదు. దానికి టార్చి కావాలి, నిదానం కావాలి. ఎంత ఖరీదైన గురి కొన్నా ఈ లోటు తీరదు.

మన దేశంలో పిస్తోలుకు 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలి. కాబట్టి మీలో చాలామందికి ఈ ఎంపిక ఎదురుకాదు. కానీ పాత మిలిటరీ దిక్సూచో, విమానం మీటరో, తాతలనాటి గడియారమో పాత సామాను కొట్టులో మీ చేతికి రావచ్చు. చీకట్లో వెలగడం లేదు కదా అని దాని అద్దం ఊడదీయకండి, రంగు గీకకండి, పిల్లలకు ఆటకివ్వకండి. ఇందాక చెప్పుకున్న 1,600 ఏళ్ల లెక్క గుర్తుంది కదా. 2010లో ఢిల్లీ మాయాపురి పాత ఇనుము బజారులో ఏమిటో తెలియక విప్పిన ఒక పరికరంలో కోబాల్ట్-60 ఉండి ఒక ప్రాణం పోయింది. అది వేరే పదార్థం. పాఠం మాత్రం ఒక్కటే.

వెలుగు ఊరికే రాదు. దానికి ఎవరో ఒకరు మూల్యం కడతారు. తెలిసి కడుతున్నారా, తెలియక కడుతున్నారా అన్నదే ప్రశ్న. న్యూజెర్సీ పిల్లలకు ఎవరూ చెప్పలేదు. వారు అడిగి, పోరాడి తెలుసుకున్నది ఇవాళ గాజు గొట్టం రూపంలో మన ముందుంది. ఏ కొత్త వస్తువైనా ఇంటికి తెచ్చుకునేటప్పుడు ఇది ఎంత బాగా వెలుగుతుంది అని అడగడం సహజం. దీన్ని చేసిన చేతులు క్షేమంగా ఉన్నాయా అని కూడా అడగడం మనం నేర్చుకోవాలి.