ఒక మాస్టారు, ఒక కాలేజీ, ఇండియా ఫుట్‌బాల్

నాది బందరు. మా ఊళ్లో సాయంత్రం ఏ కాలేజీ గ్రౌండ్‌కి వెళ్లినా క్రికెట్టే. గుడివాడ, అవనిగడ్డ వైపు వెళ్లినా అంతే. ఒకప్పుడు ఇండియా ఫుట్‌బాల్ టీమ్‌కి హైదరాబాదే పెద్ద దిక్కు అని చెబితే మా తమ్ముడు నవ్వాడు. వాడికి చెప్పిన కథే ఇవాళ మీకూ చెబుతాను.

2024లో వచ్చిన ‘మైదాన్’ సినిమా చూశారా? అందులో అజయ్ దేవగన్ వేసింది సయ్యద్ అబ్దుల్ రహీమ్ పాత్ర. కానీ ఆయన కథ ఇండియా కోచ్ అవ్వడంతో మొదలవ్వలేదు, చాలా ముందే కాలేజీలో మొదలైంది.

హైదరాబాద్‌లో హైకోర్టు పక్కన, మూసీ ఒడ్డున సిటీ కాలేజీ ఉంది కదా! 1920ల చివర్లో అక్కడి విద్యార్థులు, పాత విద్యార్థులు ఎక్కువగా ఉన్న ‘ఎలెవన్ హంటర్స్’ అనే టీమ్‌కి ఊళ్లో గట్టి పేరుండేది. రహీమ్ అందులో ఆడాడు, ఉస్మానియా యూనివర్సిటీకీ ఆడాడు. తర్వాత ఏమయ్యాడు? స్కూల్ మాస్టారు అయ్యాడు. కాచిగూడ, చాదర్‌ఘాట్ స్కూళ్లలో పాఠాలు చెప్పాడు.

1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్‌కి కోచ్ అయ్యాడు. ఇక చూడండి, 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్ వాళ్లదే!

ఇందులో మాయేం లేదు. పిల్లలు బంతిని కాలి దగ్గరే పెట్టుకుని ఒక్కళ్లే పరిగెడుతున్నారని, డ్రిబ్లింగ్ చెయ్యకూడదనే రూలుతో పోటీలు పెట్టాడు. చేతకాని కాలితోనే ఆడాలని ఇంకో పోటీ. మాస్టారు బుద్ధి పోలేదన్నమాట, వీక్‌గా ఉన్న సబ్జెక్టే ఎక్కువ చదివించాడు.

ఇండియా కోచ్‌గా 1951 ఏషియన్ గేమ్స్‌లో గోల్డ్ తెచ్చాడు. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో మాత్రం యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యాం. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. బూట్లు తప్పనిసరి అన్న రూలు ఆ తర్వాతే వచ్చింది.

ఇప్పుడు ఈ రెండు తేదీలు చూడండి. 1956 నవంబర్ 1న మన కృష్ణా జిల్లా, హైదరాబాదు ఒకే రాష్ట్రంలోకి వచ్చాయి. సరిగ్గా నెలకి, డిసెంబర్ 1న, మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన టీమ్ ఆస్ట్రేలియాని 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. ఒలింపిక్ సెమీఫైనల్‌కి వెళ్లిన మొదటి ఆసియా జట్టు అదే. చివరికి నాలుగో స్థానం. ఆ టీమ్‌లో తులసీదాస్ బలరాం, నూర్ మహమ్మద్, జుల్ఫికారుద్దీన్, అజీజుద్దీన్ అందరూ హైదరాబాద్, సికింద్రాబాద్ కుర్రాళ్లే.

1962లో జకార్తా. అప్పటికే రహీమ్‌ని క్యాన్సర్ తినేస్తోంది. అయినా టీమ్‌తో వెళ్లాడు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచి మళ్లీ గోల్డ్ తెచ్చారు. తర్వాతి ఏడాది జూన్‌లో ఆయన పోయారు.

1965-66లో ‘ఆంధ్రప్రదేశ్’ పేరుతో సంతోష్ ట్రోఫీ గెలిచాం. ఆ కప్పు మళ్లీ మన రాష్ట్రానికి రాలేదు.

ఎందుకంటారా? మంచి ఆటగాళ్లు కలకత్తా క్లబ్బులకి వెళ్లడం అప్పటికే మొదలైంది. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కి వెళ్లాడు. పోయినవాళ్ల చోట కొత్త కుర్రాళ్లని తయారుచేసిన మనిషి రహీమ్. ఆయన తర్వాత ఆ పని అంత ఓపిగ్గా చేసినవాళ్లు లేరు. నా లెక్కలో అసలు కారణం అదే.

మా తమ్ముడు అన్నీ విని, “అయితే మనకీ గ్రౌండ్ ఉందిగా అన్నయ్యా” అన్నాడు. ఉంది. బందరు నోబుల్ కాలేజీ 1843 నాటిది, సిటీ కాలేజీ కన్నా పాతది. గ్రౌండ్, కుర్రాళ్లు మనకీ ఉన్నారు. రోజూ సాయంత్రం వచ్చి, పదేళ్లపాటు ఎక్కడికీ పోకుండా నేర్పే మాస్టారు కావాలి. మీ ఊళ్లో అలాంటి పీఈటీ మాస్టారు ఎవరైనా ఉంటే, రేపు వెళ్లి ఒక్కసారి పలకరించండి. ఉంటాను మరి.