పేదలను లెక్కించిన కొలబద్ద

మన పల్లెలలో ఒకప్పుడు ఒక ఊరి మానిక మరియొక ఊరి మానికతో సరిపోయెడిది కాదు. ధాన్యము అదియే యైనను, కొలిచిన పాత్రను బట్టి గాదెలోని నిల్వ పెరుగుచు తరుగుచు కనిపించెడిది. ధాన్యమునకే ఇట్టి చిక్కు కలిగినప్పుడు, ఒక దేశములోని పేదరికమును కొలుచుటకు పాత్ర యెక్కడ దొరకును? సంపదలో ప్రపంచమున అగ్రస్థానము నందిన అమెరికా సంయుక్త రాష్ట్రములు ఈ ప్రశ్నను ఎదుర్కొనిన తీరు చిత్రమైనది. ఆ దేశమున నేటికిని అధికారముగా చెల్లుచున్న కొలత, ఒక ప్రభుత్వోద్యోగిని తన పరిశోధన కొరకు వేసికొనిన లెక్క నుండి పుట్టినది.

1937 జనవరిలో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్టు రెండవ పర్యాయము అధ్యక్ష పదవిని స్వీకరించుచు, జాతిలో మూడవవంతు జనులకు తగిన ఇల్లు, బట్ట, తిండి కొరతగా నున్నవని పలికెను. ఆ మాట నిజమే కావచ్చును గాని, దాని వెనుక దేశమంతయు అంగీకరించిన కొలత యేదియు లేదు. పిమ్మట ప్రపంచయుద్ధము వచ్చెను. ఆ వెంటనే భాగ్యము వచ్చెను. ఇంటింటను మోటారుకారు, శీతలయంత్రము వెలసిన దినములలో పేదరికము గతించిన కథ యని పెక్కుమంది నమ్మిరి. 1962లో మైకేల్ హారింగ్టన్ వ్రాసిన ‘ది అదర్ అమెరికా’ అను గ్రంథము ఆ నమ్మకమును కదలించినది. 1964 జనవరి 8వ తేదీన అధ్యక్షుడు లిండన్ జాన్సన్ పేదరికముపై యుద్ధము ప్రకటించెను.

శత్రుబలమెంతయో తెలియనిదే యుద్ధము సాగదు కదా! అధ్యక్షుని ఆర్థిక సలహాదారులు అప్పటికి చేతికందిన సులభమార్గమును తీసికొనిరి. ఏడాదికి 3,000 డాలర్లకు తక్కువ ఆదాయము గల కుటుంబము పేద కుటుంబమనియు, ఒంటరి వ్యక్తికి ఆ హద్దు 1,500 డాలర్లనియు నిర్ణయించిరి. ఈ లెక్కలో నున్న దోషము గృహిణి కెవ్వరికైనను వెంటనే తోచును. పిల్లలు లేని వృద్ధదంపతులు 2,900 డాలర్లతో జీవించుచున్నచో వారు పేదలు. ఆరుగురు పిల్లలతో 3,100 డాలర్లు గడించువాడు పేద కాడు!

ఈ దోషమును గుర్తించిన వారిలో సాంఘిక భద్రతా శాఖలో పనిచేయుచున్న మోలీ ఒర్షాన్‌స్కీ ముఖ్యురాలు. 1915లో న్యూయార్కు నగరమున, ఉక్రెయిన్ నుండి వలసవచ్చిన యూదు దంపతులకు జన్మించినది. గణితమును, గణాంకశాస్త్రమును చదివినది. పేదరికము ఆమెకు పుస్తకములలో మాత్రమే కనిపించిన విషయము కాదు. చిన్ననాట తల్లితో కూడ సహాయకేంద్రముల యెదుట వరుసలో నిలిచిన జ్ఞాపకము ఆమెకు కలదు. 1958కి ముందు వ్యవసాయశాఖలో కుటుంబముల ఆహారవ్యయములను పరిశీలించిన అనుభవమే ఆమె కొలతకు మూలమైనది.

ఆ శాఖవారు తయారుచేసిన భోజన ప్రణాళికలలో అన్నిటికంటె చౌకయైన దొకటి యుండెను. డబ్బు కొరతపడినప్పుడు, తాత్కాలికముగా గడుపుకొనుటకు మాత్రమే అది ఉద్దేశింపబడినది. 1955లో జరిగిన ఆహారవ్యయ పరిశీలనలో, ముగ్గురు గాని అంతకు మించి గాని గల కుటుంబములు పన్నులు పోగా మిగిలిన ఆదాయములో సగటున మూడవవంతు తిండికి వెచ్చించుచున్నట్లు తేలినది. ఒర్షాన్‌స్కీ ఈ రెంటిని జతపరచెను: చౌక భోజనపు ఖర్చును మూడు పెట్టి హెచ్చించినచో వచ్చునది ఆ కుటుంబపు హద్దు. కుటుంబములోని జనసంఖ్య, పిల్లల సంఖ్య, యజమాని పురుషుడా స్త్రీయా, కాపురము పొలముమీదనా పట్టణముననా అని విడదీసి నూటయిరువదికి పైగా హద్దులు కట్టెను. 1963 ధరలలో నలుగురు గల పట్టణకుటుంబమునకు ఆ హద్దు 3,100 డాలర్లకు కొంచెము పైన. మొత్తము పేదల సంఖ్య సలహాదారుల లెక్కకు దగ్గరగానే వచ్చినది గాని, అందులో పిల్లల సంఖ్య మిక్కిలి పెరిగినది. ఇంతవరకు లెక్కకు రాని బిడ్డలు లెక్కకు వచ్చిరి.

ఇంత ఆదాయమున్నచో చాలునని చెప్పుట ఆమె ఉద్దేశము కాదు. ఇంతకు తగ్గినచో చాలదని మాత్రము నిశ్చయముగా చెప్పవచ్చునని ఆమె వాదము. ఈ భేదము చిన్నది కాదు. మన దేశమునను 1962లో ఒక నిపుణబృందము 1960-61 ధరలలో మనిషికి నెలకు 20 రూపాయలు కనీస వ్యయమని నిర్ణయించినప్పుడు, విద్యావైద్యములను ప్రభుత్వమే చూచుకొనునని తలచి వాటిని విడిచిపెట్టినది. కొలతలో విడిచిపెట్టినదేమో కాలక్రమమున జనులు మరచిపోవుదురు. అంకె మాత్రము నిలిచిపోవును.

అమెరికాలోను అట్లే జరిగినది. 1965లో పేదరికముపై యుద్ధము సాగించు కార్యాలయము ఈ హద్దులను తన పనికి స్వీకరించెను. జనుల జీవనప్రమాణము పెరుగుచున్నది గనుక హద్దును కూడ కొంత పెంచవలెనని 1968లో సాంఘిక భద్రతా శాఖ ప్రయత్నించినది. హద్దు పెరిగినచో పేదల సంఖ్య పెరిగినట్లు కనిపించును. యుద్ధము సాగించుచున్న ప్రభుత్వమునకు అది రుచించునా? ఆ ప్రయత్నము సాగలేదు. ఇకపై ధరల సూచీ ననుసరించి మాత్రమే హద్దులను సవరించవలెనని 1969లో నిర్ణయమై, అదియే అధికార కొలతయైనది. పరిశోధకురాలి కొలబద్ద ఆ విధముగా గడ్డకట్టినది.

ఆ కొలబద్ద చెప్పిన కథ యిది. 1959లో నూటికి 22.4 మంది పేదలు. 1973 నాటికి 11.1కి దిగిరి. 1983లో 15.2, 2000లో 11.3; 2010లో 15.1, 2023లో మరల 11.1. ఏబది సంవత్సరముల పిదప లెక్క బయలుదేరిన చోటికే వచ్చినది! దీనిని చూచి యుద్ధములో ఓటమి కలిగెనని కొందరు వాదించిరి.

అయితే ఆ కొలబద్దకు కనిపించునది పన్నులకు ముందు చేతికి వచ్చు నగదు ఒక్కటియే. 1964 చట్టముతో విస్తరించిన ఆహార కూపన్లు దానికి కనిపించవు. 1975లో మొదలైన, తక్కువ జీతగాండ్రకు పన్నులద్వారా వచ్చు సహాయము కనిపించదు. వృద్ధులకు నగదుగా వచ్చు పింఛను మాత్రము కనిపించును. అందుచేతనే 1959లో నూటికి 35 మందిగా నున్న వృద్ధపేదలు ఇటీవల పదిమందికి దగ్గరగా దిగినట్లు ఆ లెక్క చక్కగా చూపినది. మరియొక వైపున, నేటి అమెరికా కుటుంబము తిండికి వెచ్చించునది సుమారు ఎనిమిదవ వంతే. ఇంటి అద్దెయు, వైద్యమును, పని వేళలలో పిల్లల సంరక్షణయు మిగిలినదానిని మ్రింగుచున్నవి. హద్దులో వీటి పెరుగుదలకు చోటు లేదు. కనుక ఒక దోషము పేదలను ఎక్కువగా చూపును, మరియొకటి తక్కువగా చూపును. రెండును చెల్లుకు చెల్లనుటకు వీలులేదు. ఏలయన అవి వేరు వేరు ఇండ్లపై పడుచున్నవి.

1995లో జాతీయ విజ్ఞాన పరిషత్తు నియమించిన నిపుణులు క్రొత్త కొలతను సూచించిరి. 2011 నుండి జనగణన శాఖ దానిని అనుబంధ కొలతగా ప్రకటించుచున్నది. తిండి, బట్ట, ఇల్లు, దీపము మొదలగు వ్యయములనుబట్టి, ప్రాంతపు అద్దెలనుబట్టి హద్దును కట్టి, ప్రభుత్వ సహాయమును కలిపి, పన్నులను వైద్యవ్యయములను తీసివేయుట దాని పద్ధతి. వైద్యవ్యయము తీసివేసినందున ఇందులో వృద్ధులు పాత లెక్కకంటె ఎక్కువగా తేలుదురు. ఈ క్రొత్త పద్ధతిని వెనుకకు నడిపించి చూచిన కొలంబియా విశ్వవిద్యాలయ పండితులు, 2012 నాటి హద్దును స్థిరముగా పట్టినచో 1967లో నూటికి 26గా నున్న పేదరికము 2012లో 16కు తగ్గినట్లు లెక్కించిరి. అయినను పాత కొలత తొలగలేదు. ఎందరో సహాయమునకు అర్హులగుట దానినుండి పుట్టిన హద్దులపై ఆధారపడియున్నది. కొలబద్దను ముట్టుకొనుట యనగా ఖజానాను ముట్టుకొనుటయే.

ఒర్షాన్‌స్కీ 2006లో మరణించెను. క్రొత్త కొలత ప్రకటితమగుటను ఆమె చూడలేదు. 2021లో అమెరికా ప్రభుత్వము బిడ్డలున్న కుటుంబములకిచ్చు పన్ను సహాయమును ఒక్క సంవత్సరము పాటు పెంచి, అందులో సగము భాగమును నెలనెలా పంపినది. అనుబంధ కొలత ప్రకారము ఆ ఏడు బాలలలో పేదలు నూటికి 5.2. పెంపుదల ముగిసిన 2022లో అది 12.4కు ఎగసినది. అదే రెండు సంవత్సరములలో పాత కొలత చూపిన అంకెలు 15.3, 15.0.