లియాంగ్‌జూ సమాధుల్లో జేడ్ త్సోంగ్

బయట నలుపలకలుగా, లోపల గుండ్రని బెజ్జంతో మలిచిన జేడ్ రాతి గొట్టాన్ని చైనాలో త్సోంగ్ అంటారు. క్రీ.పూ. 3300–2300 మధ్య యాంగ్జీ నది దిగువన వర్ధిల్లిన లియాంగ్‌జూ సంస్కృతి సమాధుల్లో ఇవి, బీ అనే బెజ్జపు బిళ్లలతో పాటు దొరుకుతాయి. చాలాకాలం పండితులు వీటిని చౌ, హాన్ యుగాలవిగా లెక్కగట్టారు. జియాంగ్సులోని త్సావోషియేషాన్‌లో 1973లో ఒక లియాంగ్‌జూ సమాధిలోనే త్సోంగ్ బయటపడటంతో వాటి వయసు రెండు వేల ఏళ్లకు పైగా వెనక్కి వెళ్లింది. అర్థం మాత్రం పాతదే చెలామణిలో ఉంది: బీతో ఆకాశాన్ని, త్సోంగ్‌తో భూమిని అర్చించాలని ‘చౌ లీ’ గ్రంథం చెబుతుంది. ఆ గ్రంథం లియాంగ్‌జూ అంతరించిన ఎన్నో శతాబ్దాలకు కూర్చినది. దానికన్నా సమాధి సాక్ష్యమే బలమైనది.

హాంగ్‌జౌ దగ్గరి ఫాన్‌షాన్‌లో 1986లో తవ్విన 12వ సమాధిని చూద్దాం. అందులోని త్సోంగ్ ఎత్తు 9 సెంటీమీటర్లయినా లేదు, బరువు మాత్రం ఆరున్నర కిలోలు. ఈకల కిరీటం పెట్టుకున్న మనిషి, అతని కింద గుడ్లురిమి చూసే మృగం దాని మీద చెక్కి ఉన్నాయి. ఒక్క మిల్లీమీటరు వెడల్పులో రెండు మూడు గీతలు పట్టేంత సన్నని పని. లోహపు పనిముట్లు లేని కాలంలో ఇసుక, నీళ్లు వేసి తాళ్లతో కోసి, రెండు వైపుల నుంచీ తొలిచి, ఓపిగ్గా అరగదీసి సాధించిన పని ఇది. ఇంత శ్రమను రాబట్టగలిగింది పాలకులే. సామాన్యుల సమాధుల్లో కుండలు, రాతి పనిముట్లే ఎక్కువ. అదే బొమ్మ అదే సమాధిలోని జేడ్ గొడ్డలి మీదా ఉంది. గొడ్డలి అధికార చిహ్నమైతే, దానితో ఒకే ముద్ర పంచుకున్న త్సోంగ్‌ను పాలక వంశం నుంచి విడదీసి చూడలేం.

సిదున్ అనే చోట లియాంగ్‌జూ సమాధిలో ఒక యువకుడి దేహం చుట్టూ ముప్ఫైకి పైగా త్సోంగ్‌లు పేర్చి ఉన్నాయి, కొన్నింటి మీద కాలిన గుర్తులున్నాయి, ఇది పూజ కాదా అని అడగవచ్చు. పూజే, కానీ అది జరిగింది ఒక మృతుడి చుట్టూ, భూమి ఆరాధనకు అక్కడ ఆనవాలు లేదు. సంప్రదాయం చెక్కుచెదరకుండా చౌ కాలానికి చేరిందన్న వాదనకూ చెంగ్దూలోని జిన్షా అడ్డు నిలుస్తుంది. 2001లో అక్కడ దొరికిన పది అంతస్తుల లియాంగ్‌జూ త్సోంగ్, తయారైన వెయ్యేళ్లకు పైబడ్డాక, సమాధిలో కాక బలులిచ్చే చోట పాతిపెట్టి ఉంది. రాయి అదే, దాని వినియోగం వేరు.