అంతర్రాష్ట్ర మండలి: ఒక సగం విజయం

సంకీర్ణ ప్రభుత్వాల పుణ్యమా అని రాష్ట్రాలకు అధికారాలు దక్కాయన్న వాదాన్ని నేను సగమే ఒప్పుకుంటాను. 1950 నుంచి రాజ్యాంగంలో ఉన్న 263వ అధికరణం కింద అంతర్రాష్ట్ర మండలిని 1990 మే 28న నెలకొల్పింది నేషనల్ ఫ్రంట్ ప్రభుత్వమే. సర్కారియా కమిషన్ సిఫార్సును కాంగ్రెసు అటకెక్కిస్తే వి.పి. సింగ్ కిందికి దించాడు. కాని అది సలహా మండలి మాత్రమే. ఒక పక్క బి.జె.పి., మరో పక్క వామపక్షాలు బయటినుంచి మోస్తున్న ప్రభుత్వానికి అంతకుమించిన శక్తి ఎక్కడిది?

రాష్ట్రాల హక్కుల కోసం ఎలుగెత్తిన ఎన్.టి. రామారావే ఆ ఫ్రంటుకు అధ్యక్షుడు. 1989 ఎన్నికల్లో రాష్ట్రం చేజారింది గనుక మండలిలో ఆయనకు కుర్చీయే లేదు. ఆంధ్రప్రదేశ్ స్థానం ముఖ్యమంత్రి మర్రి చెన్నారెడ్డిది. ఇంతకన్నా వెటకారం ఏముంటుంది! అక్టోబరు 10న తొలి సమావేశం జరిగింది, నవంబరులో ప్రభుత్వం కూలింది. రెండో సమావేశానికి ఆరేళ్లూ, మరో సంకీర్ణమూ కావలసివచ్చాయి.

డబ్బు దగ్గర కథ వేరు. పదో ఆర్థిక సంఘం సూచనపై, వాజపేయి సంకీర్ణ కాలంలో, 2000లో వచ్చిన 80వ సవరణ కేంద్రం పన్నుల్లో దాదాపు అన్నింటా రాష్ట్రాలకు వాటా కల్పించింది. అంతకుముందు కార్పొరేషన్ పన్ను, కస్టమ్స్ సుంకం కేంద్రం ఖజానాకే. ఇది నిజమైన మార్పు. అయితే సెస్సులనూ సర్‌ఛార్జీలనూ ఆ సవరణే పంపకం బయట ఉంచింది. రాష్ట్రాల ఆర్థికమంత్రులు ఇప్పటికీ తగువాడుతున్నది ఆ సందు గురించే.